పని ఒత్తిడికి తట్టుకోలేకపోతే తప్పు మనిషిదా, పనిదా?

మిల్లు పాతకాపు, నెల్లిమర్ల:
జూట్ మిల్లులో ముప్పై రెండేళ్లు చేశాను. ఏ, బీ, సీ మూడు షిఫ్టులూ తిరిగాను. దుమ్ము, చప్పుడు, మేస్త్రీ కేకలు అన్నీ ఉండేవి. సైరన్ కొడితే సైకిలెక్కి ఇంటికొచ్చి, తిని పడుకునేవాళ్లం. మా అబ్బాయి విజయనగరంలో ఏసీ గదిలో కూర్చుని చేస్తాడు, ఇంటికొచ్చి టెన్షన్ అంటాడు. వెనక ఒత్తిడి లేకపోతే ఎవరైనా పని చేస్తారా? ఈ తరానికి ఓర్పు తక్కువని నా అభిప్రాయం. కాదంటే కారణం చెప్పండి.

నైట్ షిఫ్ట్, రణస్థలం:
మావయ్యగారూ, కారణం మీ మాటలోనే ఉంది. సైరన్ కొట్టాక మిల్లు మీ వెంట ఇంటికి రాలేదు. మాకు వస్తోంది.

నేను పైడిభీమవరం వైపు మందుల కంపెనీలో పదకొండేళ్లుగా ప్రొడక్షన్‌లో ఉన్నాను. పని ఎక్కువని ఏనాడూ ఏడవలేదు. కిందటి వానాకాలంలో ఓ రాత్రి నా రిలీవరు, అంటే నా తర్వాత షిఫ్టు అందుకోవాల్సినవాడు, రాలేదు. ‘ఇంకో షిఫ్టు లాగెయ్’ అన్నాడు ఇన్‌చార్జి. తెల్లవారుజామున నాలుగింటికి రియాక్టర్ (మందు రసాయనాలు కలిపి మరిగించే ట్యాంకు) దగ్గర టెంపరేచర్ చూసి బ్యాచ్ షీటులో రాశాను. చూసే రాశాననుకున్నాను. తీరా అది గంట కిందటి రీడింగే. కింద నా సంతకం కూడా ఉంది. పొద్దున్న క్వాలిటీ వాళ్లు పట్టుకున్నారు, నాకు మెమో ఇచ్చారు. పదహారు గంటలు నిలబెట్టిన సంగతి అందులో ఒక్క ముక్క లేదు. సాల్వెంట్లు, అంటే ఇట్టే మంటంటుకునే ద్రావకాలు, మరిగే చోట అలాంటి పొరపాటుకి ప్రాణాలు పోతాయి. ఇప్పుడు ఇంట్లో ఉన్నా ఫోన్ మోగితే గుండె దడ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క చెప్పాయి. వారానికి 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకి 35-40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మన కార్మిక చట్టం వారానికి 48 గంటలంది, ఆపైన చేసిన పనికి రెట్టింపు జీతమంది. ఆ డబుల్ డ్యూటీకి నాకిచ్చింది ఒక కాంప్ ఆఫ్, అంటే డబ్బుకి బదులు ఓ రోజు సెలవు.

బ్రిటన్‌లో 1967లో మొదలుపెట్టి ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు, వైట్‌హాల్ అధ్యయనం అంటారు. గుండెజబ్బుతో ఎక్కువగా పోయింది పెద్ద అధికారులు కారు, కింది మెట్టువాళ్లు. తన పని మీద తన మాట చెల్లకపోవడం అందుకో ముఖ్య కారణమని తర్వాతి విడతలో తేలింది. నేననేదీ అదే. ‘ఈ రోజు నావల్ల కాదండి’ అనే వీలుంటే ఎంత పనైనా చేస్తాం.

చీపురుపల్లి చెల్లి:
అన్నయ్య చెప్పింది నిజం. నేను గ్రూపు రుణాల వసూళ్లు చూస్తాను. ఒక్క వాయిదా తగ్గినా సాయంత్రం వాట్సాప్ గ్రూపులో నా పేరు ఎర్ర రంగులో పెడతారు. అరవై మంది చూస్తారు. మొన్న అన్నం కలుపుకుంటుంటే ఫోన్ టింగుమంది. ‘ఏటైందే, తిను’ అని మా అమ్మ అంటూనే ఉంది, నేను ఆ ఎర్ర గడినే చూస్తూ కూర్చున్నాను. చెయ్యి ఎండిపోయింది. పంట పోయి, ఇంటాయన వలసపోయి, అప్పు తీసుకున్నావిడ కట్టలేకపోతే నా ఓర్పు ఏం చేస్తుంది? నిద్ర పట్టక 14416కి ఫోన్ చేశాను. మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ హెల్ప్‌లైన్ అది, ఉచితమే, తెలుగులో మాట్లాడతారు. కాస్త తేలికపడ్డాను. మర్నాడు సాయంత్రం మళ్లీ నా పేరే.

మిల్లు పాతకాపు, నెల్లిమర్ల:
అందరి ముందూ పేరు పెట్టడం తప్పమ్మా. టార్గెట్ లేకుండా ఏ సంస్థా నడవదన్న మాట మీద మాత్రం నేనున్నాను. బాబూ, మా రోజుల్లో రిలీవరు రాకపోతే యూనియన్ మనిషి టైమ్ ఆఫీసుకెళ్లి అడిగేవాడు. మీ తరఫున అడిగేవాళ్లు లేరా?

నైట్ షిఫ్ట్, రణస్థలం:
లేరు మావయ్యగారూ. మా లైన్లో అందరం కాంట్రాక్టు మీదే ఉన్నాం.