కొలెస్ట్రాల్‌కి మూలికల క్యాప్సూల్: అటోర్వాతో కలిపి వేసుకోవచ్చా?

ప్రశ్న:
నాన్నగారికి 58 ఏళ్లు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 158, ఎస్‌జీపీటీ (లివర్ ఎంజైము) 62, స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. డాక్టరు గారు కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ (అటోర్వా) 10 రాశారు. "అది లివర్‌ని తినేస్తుందట" అని నాన్నగారు గుగ్గులు, పసుపు, మిరియాలు, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్‌లు కలిసిన క్యాప్సూల్ తెచ్చుకున్నారు. పరగడుపున నానబెట్టిన మెంతులు ఎలాగూ ఉన్నాయి. వీటిలో ఏది ఉంచాలి?

తీగమల్లి:
క్యాప్సూల్ పక్కన పెట్టండి. లివర్‌కి భయపడి లివర్‌కే గండం తెచ్చుకున్నట్టుంది. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్‌లో ఈజీసీజీ అనే రసాయనం రోజుకి 800 మిల్లీగ్రాములు దాటితే లివర్ ఎంజైములు పెరుగుతాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. కప్పు టీతో ఆ ఇబ్బంది లేదు. పసుపూ అంతే. కూరలో వేసే పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం 3 శాతం అటూఇటూగా ఉంటుంది, పైగా ఒంటికి పెద్దగా పట్టదు. క్యాప్సూల్లో 95 శాతం సారం పెట్టి, అది పట్టేలా మిరియాల పైపరిన్ కలుపుతారు. లివర్ దెబ్బతిన్న కేసుల్లో ఈ జోడీ తరచూ కనిపిస్తోంది. గుగ్గులు మీద అమెరికాలో జరిగిన ట్రయల్ ఫలితం 2003లో వచ్చింది: ఎల్‌డీఎల్ తగ్గకపోగా కాస్త పెరిగింది, కొందరికి ఒంటిమీద దద్దుర్లు వచ్చాయి.

ఫ్యాటీ లివర్ ఉన్నంత మాత్రాన అటోర్వా మానక్కర్లేదు. ఎస్‌జీపీటీ మామూలుగా ఉండాల్సిన పై హద్దుకి మూడు రెట్లు దాటితే అప్పుడు డాక్టరు ఆలోచిస్తారు, 62 ఆ దరిదాపుల్లో లేదు. క్యాప్సూల్, అటోర్వా రెండూ కలిపి మొదలుపెట్టి రేపు ఎస్‌జీపీటీ 180కి వెళ్తే, ఏది చేసిందో ఎవరూ తేల్చలేరు.

రాతిరోలు:
మొక్కల్లో గట్టి రుజువున్నది ఇసబ్గోల్ పొట్టు. రోజుకి 10 గ్రాములు, అంటే సుమారు రెండు పెద్ద చెంచాలు. ఒకసారి కాటాలో తూచుకుంటే సందేహం ఉండదు. ఎల్‌డీఎల్ 5 నుంచి 7 శాతం తగ్గుతుంది, 158 మీద పది పాయింట్లు అనుకోండి. మొదటి వారం ఒక చెంచాతోనే ఆపండి, లేకపోతే కడుపుబ్బరం. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగేయాలి, నానబెట్టి కూర్చుంటే జిగురుముద్దై గొంతులో అడ్డుపడుతుంది. మాత్రలకీ దీనికీ రెండు గంటల ఎడం, థైరాయిడ్ మాత్రకైతే నాలుగు.

మెంతులు మానక్కర్లేదు, కానీ లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1990లో ప్రచురించిన పరీక్షలో కొలెస్ట్రాల్ తగ్గింది నిజమే. అందులో రోజుకి ఇచ్చింది నూనె తీసిన మెంతిపిండి 100 గ్రాములు! మన చెంచాడు నాలుగైదు గ్రాములే.

ప్రశ్న అడిగినవారు:
మరి నేల ఉసిరి? మా వైపు కామెర్లకి పసరు ఇస్తారు కదా.

తీగమల్లి:
హెపటైటిస్ ఎ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి పోతుంది. పైగా అదే పోలికతో ఉండే మొక్కలు నాలుగైదున్నాయి, కోసేవాళ్లు ఏది తెచ్చారో తెలియదు. తిప్పతీగ కూడా వద్దు, దానితో లివర్ వాచిన కేసులు 2021లో ముంబై నుంచి వచ్చాయి. లివర్‌కి మంచిదని అమ్మే సిలిమారిన్ (మిల్క్ థిజిల్ మొక్క సారం) పెద్దగా హాని చేయదు, కానీ లివర్‌లో కొవ్వు కరిగిస్తుందనుకోకండి. ఆ పని బరువు తగ్గడంతోనే అవుతుంది: 80 కిలోల మనిషి ఆరు నుంచి ఎనిమిది కిలోలు. మద్యం అలవాటు ఉంటే మానాలి.

ఆరు నుంచి ఎనిమిది వారాలకి లిపిడ్ ప్రొఫైల్, ఎస్‌జీపీటీ మళ్లీ చేయించండి. ఈలోగా మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. క్యాప్సూల్ డబ్బా పారేయకుండా వెంట తీసుకెళ్లండి, మూలికలు వాడిన సంగతి చాలామంది డాక్టరుకి చెప్పరు.