స్కైరిమ్ సంగీతం నిజంగా గొప్పదా, లేక ఆట గొప్పదనమే దానికి అంటుకుందా?

మంచుదారి:
స్కైరిమ్ అనే వీడియో గేమ్ వచ్చింది 2011 నవంబర్ 11న. ఇప్పటికీ ఫాంటసీ ఆర్‌పీజీల్లో (ఒక పాత్రను మనమే ఎదిగించుకుంటూ ఆడే ఆటల్లో) ఏ గేమ్ సంగీతం బాగుంటుందని అడిగితే చాలామంది నోట ముందు వచ్చే పేరు అదే. జెరెమీ సోల్ చేసిన ఆ సంగీతం నాకూ ఇష్టం, ఆ మాట మొదటే చెప్పేస్తున్నా. కానీ దానికి దక్కుతున్న పొగడ్తలో సగం ఆటకు దక్కాల్సిందని నా వాదన.

ఆల్బమ్ నాలుగు సీడీలు, 53 ట్రాక్‌లు. టైటిల్ ట్రాక్ ‘డ్రాగన్‌బోర్న్’ పక్కన పెట్టండి. రాత్రిపూట వచ్చే ‘సెకుండా’ కూడా పక్కన పెట్టండి. మిగిలిన వాటిలో ఇప్పటికిప్పుడు కూనిరాగం తీయగలిగేవి మీకు ఎన్ని ఉన్నాయి? మంచుకొండలు, ఆకాశంలో ఆడే రంగుల వెలుగులు, ఒంటరి నడక. ఇవన్నీ కళ్లముందు ఉండగా విన్నాం కాబట్టి ఆ వయొలిన్లు మనకు అంత లోతుగా అనిపిస్తున్నాయి. తిరుగుబాటుకు నాయకుడైన ఉల్ఫ్రిక్‌కి కూడా సొంత బాణీ లేదు. యుద్ధ సంగీతం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఒప్పుకోని వాళ్లు ట్రాక్ పేర్లతో సహా చెప్పండి. ఊరికే ‘గూస్‌బంప్స్’ అంటే చర్చ ముందుకు సాగదు.

శ్రుతిపెట్టె:
మంచుదారి గారూ, మీరు లోపం అంటున్నదే నాకు ఆ సంగీతంలో అన్నిటికంటే కష్టమైన పనిగా కనిపిస్తుంది. ఈ ఆటను జనం వంద గంటలు, రెండు వందల గంటలు ఆడతారు. అంతసేపు చెవిలో పడే సంగీతానికి గట్టి పల్లవి ఒకటి పెడితే పదో గంటకే విసుగొస్తుంది. సోల్‌కి బాణీ కట్టడం రాక ఊరుకున్నాడని ఎవరూ అనలేరు, టైటిల్ ట్రాక్ విన్నాక అసలే అనలేరు. నడకలో వినిపించే ట్రాక్‌లలో ఆయన కావాలనే చేయి బిగించాడు.

‘ఫార్ హొరైజన్స్’ మళ్లీ వినండి. తీగవాద్యాలు నెమ్మదిగా పరుచుకుంటాయి. వాటి మీద చిన్న స్వరాల గుంపు ఒకటి పైకి లేస్తుంది, ఇంకా ఎక్కడికో వెళ్తుందనుకునేలోపే వెనక్కి తగ్గుతుంది. మనం వెళ్లే దారి ఎటు తిరుగుతుందో సంగీతానికి తెలియదు కదా. అందుకే ఏ మలుపులో తెగినా నష్టం లేనట్టు దాన్ని అల్లాడు. తాళం లేని ఆలాపన వింటున్నప్పుడు ఎక్కడ ఆపినా చెవికి వెలితి అనిపించదు, ఇదీ అలాంటిదే.

ఇంకో సంగతి. ఒక ట్రాక్ అయిపోగానే వెంటనే మరొకటి అందుకోదు. మధ్యలో గాలి హోరు, నీటి చప్పుడు, మన అడుగుల చప్పుడు మాత్రమే ఉంటాయి. ఆ ఖాళీ తర్వాత సంగీతం మళ్లీ మెల్లగా మొదలైనప్పుడు దాని విలువ రెట్టింపవుతుంది. గేమ్ సంగీతంలో ఖాళీని వాడుకోవడం కూడా కూర్పులో భాగమే. ఆల్బమ్‌లో మాత్రమే వింటే అది తెలియదు.

కత్తిపదును:
నడక సంగీతం మీద నాకు గొడవ లేదు. గొడవంతా యుద్ధం మొదలైనప్పుడే. వాగు ఒడ్డున బురదపీత ఒకటి అడుగు దూరంలో కదులుతుంది, అంతే, ఢమఢమా డప్పులు. దోపిడీ దొంగల గుంపు మీదపడినా అవే డప్పులు. ప్రమాదం చిన్నదా పెద్దదా అన్న తేడా సంగీతానికి లేదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. శత్రువు మనల్ని పసిగట్టాడని కళ్లకంటే ముందు సంగీతం చెప్పేస్తుంది. విల్లు పట్టుకుని చీకట్లో నక్కి వెళ్లే ఆటగాడికి సగం ఉత్కంఠ అక్కడే పోతుంది. ఎదుటివాడు ఎక్కడో బండ వెనక ఇరుక్కుని కనబడకపోతే, ఎవరూ లేని మైదానంలో మనం నిలబడి ఉంటాం, యుద్ధ సంగీతం మాత్రం మోగుతూనే ఉంటుంది. వాడు దొరికేదాకా అది ఆగదు. నిశ్శబ్దం గురించి శ్రుతిపెట్టె గారు చెప్పింది అందంగా ఉంది, కానీ ఆ నిశ్శబ్దాన్ని తన చేత్తోనే చెడగొట్టేది కూడా ఇదే సౌండ్‌ట్రాక్.

రాగిబూర:
అది సోల్ తప్పు కాదు బ్రదర్. ఏ ట్రాక్ ఎప్పుడు మోగాలో నిర్ణయించేది గేమ్ ఇంజిన్, అంటే ఆటను నడిపే సాఫ్ట్‌వేర్. కూర్పుకు, అమర్పుకు తేడా చూడాలి.

కత్తిపదును:
ఆటగాడి చెవికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఇక్కడ చర్చ ఆటలోని సంగీతం గురించి. ఇందాక ఖాళీలను మెచ్చుకున్నాం. ఆ ఖాళీలూ ఇంజిన్ పెట్టినవే. మంచిది సోల్ ఖాతాలో వేసి చెడ్డది ఇంజిన్ ఖాతాలో వేస్తే ఎలా?

ఎనిమిదోస్వరం:
ఇద్దరూ వదిలేసిన కోణం ఒకటుంది: ఆ శబ్దం ఎలా తయారైంది? నేను ఇంట్లో శాంపిల్స్‌తో (ముందే రికార్డు చేసి పెట్టిన వాద్య స్వరాలతో) వాద్యబృందపు సంగీతం కడుతుంటాను కాబట్టి నా చెవి ముందు అటే పోతుంది.

టైటిల్ ట్రాక్‌లో కోరస్ నిజమైన మనుషులది. ముప్పైమందికి పైగా ఉన్న గాయక బృందాన్ని రికార్డు చేసి, ఆ గొంతుల్ని ఒకదాని మీద ఒకటి మూడు పొరలుగా పేర్చారు. అందుకే తొంభైమంది పాడుతున్నట్టు ఉంటుంది. వాళ్లు పాడింది ఈ ఆట కోసం కల్పించిన డ్రాగన్ భాషలో. ఆ సాహిత్యం డ్రాగన్ భాషలోనూ, దాని ఇంగ్లిష్ అనువాదంలోనూ ప్రాస కుదిరేలా రాశారు. అర్థం తెలియకపోయినా ఆ మాటల విరుపులు ఒంట్లోకి దిగిపోతాయి.

వాద్యాల సంగతి వేరు. అవి చాలావరకు కంప్యూటర్‌లో శాంపిల్స్‌తో కట్టినవి. నెమ్మదిగా సాగే స్వరాలకు శాంపిల్స్ చాలా బాగా పనికొస్తాయి. పొడుగ్గా లాగిన వయొలిన్ స్వరం, దూరంగా వినిపించే కొమ్ముబూర, వెనక పొగమంచులా పరుచుకునే గొంతులు, వీటికి కాస్త రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) కలిపితే అసలుకూ నకలుకూ తేడా దొరకదు. వేగం పెరిగితే మాత్రం అతుకులు బయటపడతాయి. నిజమైన వాద్యకారుడు ఒకే స్వరాన్ని పదిసార్లు కొడితే పదిసార్లూ కమాను ఒత్తిడిలో ఏదో మార్పు ఉంటుంది. శాంపిల్స్‌లో ఆ మార్పును చేత్తో ఒక్కొక్కటిగా పెట్టాలి, పెట్టినా పూర్తిగా రాదు. యుద్ధ ట్రాక్‌లలో బూరలు కాస్త మొద్దుగా, డప్పులు ఒకే బరువుతో పడుతున్నట్టు నాకు వినిపించడానికి కారణం ఇదే.

అంటే ‘సెకుండా’ను అంత మెత్తగా చేసిన పద్ధతే యుద్ధ ట్రాక్‌లను బలహీనం చేసింది. రెండూ ఒకే చోటు నుంచి వచ్చాయి. కాబట్టి ఇక్కడ తప్పంతా ఇంజిన్ మీద వేయలేం.

పాతకోట:
బాణీలే లేవనే మాట నేను ఒప్పుకోను. 2002లో ఇదే సిరీస్‌లోని పాత ఆట మారోవిండ్ కోసం ఇదే సోల్ ఒక బాణీ కట్టాడు. 2006లో ఆ తర్వాతి ఆట అబ్లివియన్‌కి దాన్నే వేగం పెంచి రాజదర్పంతో వాడాడు. స్కైరిమ్ టైటిల్ ట్రాక్‌లో కోరస్ వెనక అదే బాణీ మళ్లీ తలెత్తుతుంది. మూడు ఆటలు, తొమ్మిదేళ్లు, ఒకే దారం. ఇక డ్రాగన్ మీదికి దిగినప్పుడు వచ్చే ‘వన్ దే ఫియర్’లో టైటిల్ కోరస్ తిరిగి వినిపిస్తుంది. పొంచి ఉన్న ప్రమాదాన్ని, మన పాత్ర ఎవరన్నదాన్ని ఒకేసారి గుర్తుచేస్తుంది. యుద్ధ సంగీతమంతా చెత్త అనేవాళ్లు ఆ ఒక్కదానికైనా న్యాయం చేయాలి.

2012లో వచ్చిన డ్రాగన్‌బోర్న్ ఎక్స్‌పాన్షన్‌లో (స్కైరిమ్‌కు అదనంగా చేర్చిన భాగంలో) సాల్‌స్థైమ్ దీవిలో అడుగుపెట్టగానే మారోవిండ్ నాటి సంగీతం వినిపిస్తుంది. పాత ఆట ఆడినవాళ్లకు అక్కడ కాళ్లు కదలవు. పదేళ్ల జ్ఞాపకాన్ని మాట సాయం లేకుండా లేపగలిగిన సంగీతాన్ని ఉత్త నేపథ్యం అని ఎలా అంటాం?

మంచుదారి:
పాతకోట గారూ, ఆ దారం నాకూ ఇష్టమే. కానీ అది సిరీస్‌కు గుర్తు. కథలోని మనుషులకు గుర్తు కాదు. నేనడిగింది మనుషుల గురించి.

1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 చూడండి. సంగీతకర్త నొబువో ఉయెమాత్సు అందులోని ఏరిత్ అనే పాత్రకు ఒక బాణీ ఇచ్చాడు. ఆమె చనిపోయాక వెంటనే ఒక బాస్ ఫైట్, అంటే పెద్ద శత్రువుతో పోరు, వస్తుంది. అక్కడ మామూలు బాస్ సంగీతం మోగదు, ఆమె బాణీయే కొనసాగుతుంది. కత్తులు తగులుతుంటాయి, వెనక ఆ దుఃఖం. సంగీతం కథను మోయడం అంటే నా దృష్టిలో అది. స్కైరిమ్‌లో మనకు దగ్గరైన సహచరుడు చచ్చిపోయినా మోగేది అదే యుద్ధ ట్రాక్, ఆ తర్వాత అదే కొండల సంగీతం. ప్రపంచం పట్టించుకోనట్టు ఉంటుంది.

ఊళ్ల విషయమూ అంతే. ‘ద స్ట్రీట్స్ ఆఫ్ వైట్‌రన్’ అని ఊరి పేరు పెట్టుకున్న ట్రాక్ వేరే నగరాల్లోనూ వినిపిస్తుంది. 2015లో వచ్చిన విచర్ 3 అనే ఆటలో వెలెన్ ప్రాంతానికి, స్కెల్లిగ దీవులకి సంగీతం వేరు. యుద్ధ సంగీతం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. పెర్సివల్ అనే జానపద బృందం వాయించిన వాద్యాలు, ఆడవాళ్ల అరుపు గొంతులు, కళ్లు మూసుకున్నా ఎక్కడున్నామో చెప్పేస్తాయి.

రాగిబూర:
విచర్ 3లో జెరాల్ట్ అని ఆట తయారుచేసినవాళ్లే ముందుగా మలిచి పెట్టిన కథానాయకుడు ఉన్నాడు. స్కైరిమ్‌లో మన పాత్రకు ముఖం, జాతి, గుణం అన్నీ మనమే ఇచ్చుకుంటాం. ఒకడు దొంగ, ఇంకొకడు వైద్యుడు. అలాంటి పాత్రకు ముందే బాణీ కట్టి ‘నీ మనసు ఇదీ’ అని చెప్పడం కుదరదు. సహచరుల మీద మీరన్న మాట మాత్రం సరైనదే.

పాతకోట:
ఆ ఆటలో మనుషుల సంగీతం సత్రాల్లో ఉంది. గాయకుల్ని అడిగితే పాడతారు. అందులో నాకు బాగా నచ్చినది అంతర్యుద్ధం పాట. సామ్రాజ్యం పక్షం పాడినా, తిరుగుబాటుదారులు పాడినా బాణీ ఒక్కటే. శత్రువు పేరు, కొన్ని మాటలు మారతాయి, అంతే. రెండు పక్షాల్లో ఎవరు మంచివాళ్లో ఆట ఎప్పుడూ తేల్చి చెప్పదు, పాట కూడా తేల్చదు. ఉల్ఫ్రిక్‌కి సొంత బాణీ ఎందుకు లేదంటే నా జవాబు ఇదే.

మంచుదారి:
ఇది మంచి పాయింట్. ఆ పాటల గురించి నేను మొదట రాసి ఉంటే బాగుండేది. అయితే వాటిలో చాలావాటికి ఒక వీణలాంటి వాద్యం, ఒక గొంతు తప్ప ఏమీ లేదు. మిగతా సంగీతంతో వాటికి చుట్టరికం కలపలేదు. ఆ పాట బాణీని కోట ముట్టడిలో వాద్యబృందం అందుకుని ఉంటే ఎంత బలంగా ఉండేది!

చీకటిదీపం:
అదే 2011లో డార్క్ సోల్స్ అనే ఆట వచ్చింది. తిరిగేటప్పుడు దాదాపు సంగీతమే లేదు. బాస్ దగ్గర మాత్రమే పూర్తి గొంతుతో వస్తుంది. చివరి బాస్ గ్విన్ దగ్గర అది కూడా ఉండదు, నెమ్మదైన పియానో ఒకటే. ఎప్పుడు మోగకూడదో తెలిసిన సంగీతం అది. కత్తిపదును గారి బురదపీత సమస్య అక్కడ లేదు.

శ్రుతిపెట్టె:
చీకటిదీపం గారూ, ఆ ఆటలో భయమే ప్రాణం కాబట్టి అంత నిశ్శబ్దం నప్పింది. స్కైరిమ్‌లో దారి తప్పి తిరగడమే ప్రాణం. ఆ తిరుగుడుకు తోడు కావాలి.

ఆట పక్కన పెట్టి వింటే నిలుస్తుందా అన్న మొదటి ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నాను. ఆల్బమ్ చివర ‘స్కైరిమ్ అట్మాస్ఫియర్స్’ అని 42 నిమిషాల ట్రాక్ ఉంది. బాణీ దాదాపు లేదు, గాలి, వాన, దూరపు స్వరాలు. ఆట ఎప్పుడూ ఆడని వాళ్లు కూడా చదువుకునేటప్పుడు, నిద్రపోయేటప్పుడు అలాంటివి పెట్టుకుంటున్నారు. వాళ్లకు మంచుకొండల జ్ఞాపకం లేదు. అయినా అది వాళ్ల మీద పనిచేస్తోంది. ఆట గొప్పదనం అంటుకుందన్న వాదన వాళ్ల దగ్గర నిలవదు.

యుద్ధ సంగీతం విషయంలో ఎనిమిదోస్వరం గారి వివరణకు నా దగ్గర ఎదురు జవాబు లేదు. ‘వన్ దే ఫియర్’ నిలబడింది కూడా అందులో నిజమైన గొంతులు ఉండటం వల్లే అనుకుంటున్నాను.

కత్తిపదును:
పీసీలో ఆడేవాళ్లు మోడ్‌లు (ఆటను మార్చుకునేందుకు ఆటగాళ్లు తయారుచేసినవి) వేసి యుద్ధ సంగీతం ఒక్కటే తీసేసుకుంటారు. నడక సంగీతం జోలికి పోరు. నేనూ అలాగే ఆడతాను. తోడేలు గుర్రుమనేదాకా అది వెనక ఉందని తెలియదు, గుండె ఝల్లుమంటుంది. డ్రాగన్ ట్రాక్ మాత్రం ఉంచాను, పాతకోట గారి మాట మీద గౌరవంతో కాదు, అది లేకపోతే ఆకాశం బోసిపోయినట్టు ఉంటుంది కాబట్టి.

మంచుదారి:
42 నిమిషాల ట్రాక్ వాదన బలమైనదే. కానీ నిద్రకు పనికొచ్చిన సంగీతం గొప్ప ఫాంటసీ సంగీతం అవుతుందా అన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది. నా లెక్కలో ఇది గొప్ప నడక సంగీతం, కథ చెప్పడంలో మాత్రం విచర్ 3 కంటే చాలా వెనక. యుద్ధ ట్రాక్‌లలో డ్రాగన్‌ది కాకుండా మరొక్కటైనా బాగుందని ఎవరైనా చూపిస్తే వినడానికి సిద్ధం. ట్రాక్ పేరు తప్పకుండా రాయండి.