ఆక్టేవ్ పెడలా, పిచ్ షిఫ్టరా? ఒక్కదానికే డబ్బులున్నాయి

ఎంవీపీ_ఆరుతీగలు:

హాయ్ అందరికీ. వైజాగ్‌లో ముగ్గురం కలిసి వాయిస్తున్నాం, నేను గిటార్, ఇంకొకడు కహోన్ (మీద కూర్చుని వాయించే పెట్టె డ్రమ్), పాడేది ఒకమ్మాయి. బేస్ వాయించేవాడికి బెంగళూరులో జాబ్ వచ్చి వెళ్ళిపోయాడు, ఇంకా ఎవరూ దొరకలేదు. బీచ్ రోడ్డు వైపు కేఫ్‌ల్లో, అప్పుడప్పుడు రిసెప్షన్లలో వాయిస్తాం, నూటికి తొంభై తెలుగు సినిమా పాటలే. ఇప్పుడు నాకు రెండు సమస్యలు. ఒకటి, బేస్ లేక సౌండ్ పల్చగా ఉంటోంది, పల్లవిలో పర్లేదు గానీ ఇంటర్లూడ్ వచ్చేసరికి ఖాళీగా వినిపిస్తుంది. రెండోది శ్రుతి. మగ గొంతు పాటలు ఆ అమ్మాయి పాడాలంటే పాటకో శ్రుతి అడుగుతుంది, ఒకటి పైకి అంటే ఇంకోటి అర మెట్టు కిందికి, కాపో (గిటార్ మెడ మీద బిగించే క్లిప్) పెడితే పైకే పోతుంది కదా కిందికి రాదు, పాట పాటకీ ట్యూన్ మార్చుకుంటూ కూర్చుంటే జనం ఫోన్లు చూసుకుంటారు. ఓపెన్ స్ట్రింగ్ రిఫ్‌లు (తీగని నొక్కకుండా మోగించే చిన్న బిట్లు) బ్యారే కార్డుల్లోకి (ఒకే వేలితో తీగలన్నీ నొక్కి పట్టేవి) మారిస్తే అసలు మజా పోతుంది.

గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య పెట్టే పెడల్స్‌లో చూసినవి: నానో పాగ్, బాస్ ఓసీ-5 (ఇవి ఆక్టేవ్ పెడల్స్, వాయించిన నోటుకి పై స్థాయో కింది స్థాయో కలిపేవి), డిజిటెక్ డ్రాప్, వామీ (ఇవి పిచ్ షిఫ్టర్లు, నోటునే పైకీ కిందికీ జరిపేవి). బడ్జెట్ 15 వేలు, సెకండ్ హ్యాండ్ అయినా ఓకే. ఆంప్ 12 అంగుళాల స్పీకర్ ఒకటే ఉన్న మామూలు గిటార్ కాంబో. ఇవన్నీ పిచ్ మార్చేవే కదా, ఒక్కటి కొంటే రెండు పనులూ అవ్వవా?

గాజువాక_ఫజ్:

బ్రో పిచ్ మార్చడం వరకూ అన్నీ ఒకటే, కానీ నువ్వడిగిన రెండు పనులూ ఒకదానికొకటి రివర్స్. సౌండ్ నిండుగా కావాలంటే నీ అసలు గిటార్ సౌండ్, అదే డ్రై, అలాగే ఉండాలి, దాని కింద ఇంకో స్థాయి తోడవ్వాలి. శ్రుతి మార్చాలంటే డ్రై పూర్తిగా పోవాలి, మార్చిన సౌండ్ ఒక్కటే బయటికి రావాలి, లేకపోతే E లోనూ E ఫ్లాట్‌లోనూ ఇద్దరు ఒకేసారి వాయించినట్టు ఉంటుంది. అందుకే పెడల్ చూసేటప్పుడు ఎన్ని ఆక్టేవ్‌లు అని కాదు, డ్రై నా చేతిలో ఉందా లేదా అని చూడు.

డిలే, అదే వాయించాక సౌండ్ కాస్త లేట్‌గా రావడం, ఆ సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. పిచ్ మార్చాలంటే పెడల్ ముందు కాస్త సౌండ్ వినాలి, లో E స్ట్రింగ్ (అన్నిటికంటే లావుది) సెకనుకి 82 సార్లు ఊగుతుంది అంటే ఒక్క ఊపుకే 12 మిల్లీసెకన్లు, కాబట్టి కింది స్ట్రింగ్స్ మీద కొంచెం లేట్ అనిపించడం ఆ పెడల్ తప్పు కాదు. పాగ్‌లో డ్రై వెంటనే వచ్చేస్తుంది కాబట్టి వెనకాల వచ్చే ఆక్టేవ్ లేట్ అయినా చెవికి తెలీదు. డ్రాప్‌లో ఆ లేట్ సౌండే నీకు ఉన్న ఒక్క సౌండ్. 10 మిల్లీసెకన్లు అంటే ఆంప్‌కి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టు, స్టేజ్ మీద అంత దూరం మామూలే. స్పీడ్ పికింగ్ చేస్తే తెలుస్తుంది, సినిమా పాటల స్ట్రమ్మింగ్‌కి అలవాటైపోతుంది.

ఇక ఆక్టేవ్ పెడల్స్‌లోనే రెండు రకాలు. పాత బాస్ ఓసీ-2 ఉంది చూడు, 1982ది, అది అనలాగ్, నీ సిగ్నల్ ఎన్నిసార్లు సున్నా దాటుతోందో చూసి దాన్ని సగానికి కోస్తుంది. ఒక్కో నోటు వాయిస్తే బంగారం, రెండు నోట్లు కలిపి కొట్టావంటే దేన్ని పట్టుకోవాలో తెలీక గుడగుడమంటుంది. పాగ్ లాంటివి డిజిటల్, కార్డు మొత్తం తీసుకుంటాయి. 2020లో వచ్చిన ఓసీ-5లో రెండూ ఉన్నాయి, వింటేజ్ అని పాత ఓసీ-2 మోడ్, పక్కన పాలీ మోడ్, అంటే కార్డు మొత్తం పట్టుకునేది. నువ్వు కార్డులు వాయిస్తావు కాబట్టి పాలీ లేనిది అసలు ముట్టుకోకు. హెండ్రిక్స్ 1967లో వాడిన ఆక్టేవియా లాంటివి ఇంకా వేరు, అవి ఆక్టేవ్ పైకి వేసే ఫజ్‌లు (సౌండ్‌ని గరగరలాడించే పెడల్స్), రిసెప్షన్‌లో వాటితో పని లేదు (నాకుంది అనుకో, అది వేరే విషయం).

నీ లిస్టులో నా ఓటు డ్రాప్‌కి. శ్రుతి సమస్యకి వేరే మందు లేదు, పల్చదనానికి వేరే దారులున్నాయి.

బేస్_బాబాయ్:

ఏటి గురూ, బేస్ ప్లేయర్ ఎల్లిపోతే పెడల్ కొనేస్తారా, మాకు విలువ లేదేటి 😄 సరే జోక్ పక్కన పెడితే, పెడల్ మాట తర్వాత, ముందు నీ ఆంప్ సంగతి చూడు. గిటార్ లో E స్ట్రింగ్ 82 హెర్ట్జ్ అని తమ్ముడు చెప్పాడుగా, ఒక ఆక్టేవ్ కిందికి దింపితే 41, అది మా బేస్ గిటార్ నాలుగో స్ట్రింగ్ ఓపెన్. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ 80కి కిందే చేతులెత్తేస్తాది. నువ్వు పాగ్ కొనుక్కొచ్చి సబ్ నాబ్ (కింది ఆక్టేవ్‌ది) మొత్తం తిప్పినా నీకు వినపడేది అసలు బేస్ కాదు, దాని పైన ఉన్న హార్మోనిక్స్, కొంచెం బొయ్‌మని ఉంటాది, నిండుదనం రాదు. ఓసీ-5లో రెండు ఆక్టేవ్‌ల కిందికి కూడా ఉంది, లో E మీద అది 20 హెర్ట్జ్, మనిషి చెవికి అక్కడే ఆఖరు, ఆ నాబ్ పై స్ట్రింగ్స్‌లో సోలో వాయించినప్పుడే పనికొస్తాది.

దీనికి దారేటంటే నానో పాగ్‌లో రెండు అవుట్‌పుట్లు ఉంటాయి, ఒకటి డ్రై ఒకటి ఎఫెక్ట్. డ్రై నీ గిటార్ ఆంప్‌కి, ఎఫెక్ట్ వైపు డ్రై నాబ్ సున్నా చేసి సబ్ ఒక్కటే బేస్ ఆంప్‌కో, పీఏ (హాలు సౌండ్ సిస్టమ్) మిక్సర్‌కో డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డబ్బా) పెట్టి పంపు. రిసెప్షన్లలో సౌండ్ వాళ్ళ దగ్గర 15 అంగుళాల స్పీకర్లు, సబ్‌వూఫర్లు ఎలాగూ ఉంటాయి, వాటిలోకి వెళ్తే అప్పుడు ఊగుతాది హాలు. ఓసీ-5లో కూడా డైరెక్ట్ అవుట్ ఉంది, పైగా పాలీ మోడ్‌లో రేంజ్ నాబ్ ఉంటాది, దాంతో కింది నోట్లకి మాత్రమే ఆక్టేవ్ పడేలా చెయ్యొచ్చు, పైన కార్డులు నీటుగా ఉంటాయి కింద బేస్ నడుస్తాది. ఒక్కడే వాయించేవాడికి ఇదే అసలైన ఫీచర్, ఎవడూ చెప్పడు.

కేఫ్‌లో చిన్న ఆంప్ ఒక్కటే పెట్టుకుని వాయిస్తే మాత్రం ఆక్టేవ్ పెడల్ దండగ.

వీణ_నుంచి_వామీ:

పై ఇద్దరూ బాగా చెప్పారండి, నేను వామీ గురించి రాస్తా ఎందుకంటే అందరికీ చూడగానే అదే కావాలనిపిస్తుంది. ఎర్రగా ఉంటుంది, కాలితో తొక్కితే నోటు జారుతుంది, రేజ్ అగైన్‌స్ట్ ద మెషీన్ గిటారిస్ట్ టామ్ మొరెల్లో వాయించింది విన్నాక ఎవరికైనా ఆశ పుడుతుంది. జాక్ వైట్ కూడా బేస్ లేని వైట్ స్ట్రైప్స్ బ్యాండ్‌లో దీన్నే ఆక్టేవ్ కిందికి పెట్టి గిటార్‌ని బేస్‌లా వాయించాడు, 2003లో ప్రపంచమంతా పాడుకున్న ఆ 'సెవెన్ నేషన్ ఆర్మీ' రిఫ్‌లో బేస్ గిటార్ లేదు. కాబట్టి మీ మొదటి సమస్యకి పనికొస్తుంది. కానీ రెండోదానికి రాదు, మామూలు వామీలో కిందికి సెకండ్, ఫోర్త్, ఫిఫ్త్, ఆక్టేవ్ ఇలా ఉంటాయి, అర మెట్టు సెట్టింగ్ లేదు. డీటీ అని ఇంకో మోడల్ ఉంది, అందులో డ్రాప్ ట్యూన్ కలిపి ఇచ్చారు, అది మీ బడ్జెట్‌లో కొత్తది రాదు. గమకాలకి ప్రయత్నించేవాళ్ళకి ఒక మాట, వామీ జారుడు బాగుంటుంది గానీ వేలితో లాగే గమకంలో ఉండే కంట్రోల్ కాలికి రాదు, నేను వీణ నేర్చుకుని గిటార్‌కి వచ్చాను కాబట్టి నా చెవికి అది కొంచెం ప్లాస్టిక్‌గా అనిపిస్తుంది.

ఇంకోటి, చాలామంది పిచ్ షిఫ్టర్‌తో హార్మొనీ కూడా వచ్చేస్తుంది అనుకుంటారు. శంకరాభరణంలో పాట అనుకోండి, పెడల్‌ని పైకి మేజర్ థర్డ్ పెట్టారు. షడ్జం వాయిస్తే తోడుగా గాంధారం వస్తుంది, సూపర్. రిషభం వాయిస్తే మీకు కావాల్సింది శుద్ధ మధ్యమం, పెడల్ మాత్రం లెక్క ప్రకారం నాలుగు సెమీటోన్లు (అర మెట్లు) పైకెళ్ళి ప్రతి మధ్యమం వేస్తుంది, అక్కడ చెవి చిట్లుతుంది. సమాన దూరంలో జరిపే పెడల్‌కి రాగం తెలీదు. బాస్ పీఎస్-6 హార్మొనిస్ట్ లాంటి వాటిలో కీ సెట్ చేసుకునే నాబ్ ఉంటుంది, అది స్కేల్‌ని బట్టి థర్డ్‌ని మేజరో మైనరో చేసుకుంటుంది. మామూలు షిఫ్టర్‌తో హార్మొనీ కావాలంటే ఫోర్త్, ఫిఫ్త్, ఆక్టేవ్ దగ్గర ఆగిపోండి.

ఎంవీపీ_ఆరుతీగలు:

థాంక్స్ అందరికీ, డ్రై మాట ఇంతవరకూ ఏ వీడియోలోనూ వినలేదు. బాబాయ్ గారూ మీరు ఖాళీగా ఉంటే వచ్చేయండి పెడల్ ఎందుకు అసలు 🙏

రెండు డౌట్లు. మాది అపార్ట్‌మెంట్, రాత్రి పూట చిన్న వాల్యూమ్‌లోనే ప్రాక్టీస్, డ్రాప్ ఇంట్లో పనిచేస్తుందా? రెండోది, పిచ్ ఫోర్క్ అని ఎలక్ట్రో హార్మొనిక్స్ వాళ్ళదే ఇంకోటి కనిపించింది, అందులో బ్లెండ్ నాబ్ ఉంది, మీ లెక్క ప్రకారం డ్రై చేతిలో ఉన్నట్టే కదా?

గాజువాక_ఫజ్:

డ్రాప్ ఇంట్లో చిన్న వాల్యూమ్‌లో చిరాకు పెడుతుంది, ముందే చెప్తున్నా. నీ గిటార్ ఎలక్ట్రిక్ అయినా స్ట్రింగ్ అసలు సౌండ్ గదిలో వినిపిస్తూనే ఉంటుంది కదా, ఆంప్ నుంచి వచ్చేది అర మెట్టు కింద, చెవికి చేరేసరికి రెండూ కలిసి అపశ్రుతి. పెడల్ పాడైందని అమ్మేసేవాళ్ళు ఉన్నారు ఇందుకే. హెడ్‌ఫోన్స్ పెట్టుకో, లేకపోతే వాల్యూమ్ పెంచు. నువ్వు ఎలక్ట్రోఅకౌస్టిక్ వాయిస్తే మాత్రం డ్రాప్ ఆలోచనే వద్దు, ఆ బాడీ సౌండ్ కేఫ్‌లో ముందు టేబుల్ వాళ్ళకి కూడా వినిపిస్తుంది.

పిచ్ ఫోర్క్ అవును, పైకి కిందికి మూడు ఆక్టేవ్‌ల దాకా, రెండు వైపులా ఒకేసారి కూడా, బ్లెండ్ మొత్తం తిప్పితే డ్రై పోతుంది. రెండు పనులకీ ఒక్కటే అంటే అదే దగ్గరగా ఉంటుంది, కాకపోతే షిఫ్ట్ నాబ్ మీద నీ సింగర్‌కి కావాల్సిన మెట్లన్నీ ఉన్నాయో లేదో కొనేముందు చూసుకో. డ్రాప్‌లో ఒకటి నుంచి ఏడు సెమీటోన్ల దాకా వరసగా ఉంటాయి, తర్వాత ఆక్టేవ్, ఆఖర్న ఆక్టేవ్ ప్లస్ డ్రై. ఆ ఆఖరిది గమనించు, అదొక చిన్న ఆక్టేవ్ పెడల్, మిక్స్ మార్చడానికి నాబ్ లేదంతే.

ఇంకా ఒకటి, ఒకటి రెండు సెమీటోన్లు దింపితే గిటార్ గిటార్‌లాగే ఉంటుంది, ఐదు దాకా వెళ్తే గొంతు బొంగురుపోతుంది. సి లో ఉన్న మగ పాట ఆ అమ్మాయికి జి లో కావాలంటే పెడల్‌తో ఐదు దింపకు, జి ఓపెన్ కార్డులు ఉన్నాయిగా. రిఫ్ E లో ఉండి పాట E ఫ్లాట్‌లోనో డి లోనో పాడాలి అన్నప్పుడే డ్రాప్ తియ్యి.

ఉక్కునగరం_సోల్డర్:

సెకండ్ హ్యాండ్ అన్నావు కాబట్టి నా మాట. మన ఊర్లో సముద్రపు గాలికి పెడల్స్ జాక్‌లు, నాబ్‌ల లోపల తుప్పు త్వరగా పడుతుంది, నాబ్ తిప్పితే కరకరమందంటే కాంటాక్ట్ క్లీనర్ కొడితే సరిపోవచ్చు, జాక్ కదిపితే సౌండ్ పోయి వస్తుందంటే సోల్డర్ చూడాలి. వామీ పాతది ఎవరైనా అమ్ముతుంటే అడాప్టర్‌తో సహా తీసుకోవాలి, నాలుగో వెర్షన్‌కి 9 వోల్టుల ఏసీ అడాప్టర్ కావాలి, మామూలు డీసీది పనికిరాదు, ఐదో వెర్షన్ నుంచే డీసీ. డ్రాప్, పాగ్, ఓసీ అన్నీ 9 వోల్ట్ డీసీ, మధ్య పిన్ నెగటివ్. కానీ డిజిటల్ పెడల్స్ కరెంట్ ఎక్కువ తాగుతాయి, చౌక డైసీ చైన్‌లో (ఒకే అడాప్టర్ నుంచి అన్ని పెడల్స్‌కీ వెళ్ళే వైరు) పెడితే కుయ్‌మంటాయి, వేరే అడాప్టర్ పెట్టు.

కొనడానికి వెళ్ళినప్పుడు నీ గిటార్ తీసుకెళ్ళు, కార్డు ఒకటి పూర్తిగా కొట్టి మోగనివ్వు, ఆ తోక ఆరేటప్పుడు వణికిందంటే ఆ పెడల్ ట్రాకింగ్, అదే నోటుని పట్టుకునే తీరు, నీకు నచ్చదు.

నిజం చెప్పాలంటే అర మెట్టు పాటలే ఎక్కువైతే సెట్ మొత్తం E ఫ్లాట్ ట్యూనింగ్‌లో (తీగలన్నీ అర మెట్టు కిందికి) పెట్టుకుని పైకి కావాల్సినప్పుడు కాపో పెట్టుకో, రూపాయి ఖర్చు లేదు. అది చేశాక కూడా సరిపోకపోతే కొను.

ఎంవీపీ_ఆరుతీగలు:

అరే E ఫ్లాట్ ఐడియా బాగుంది, రాత్రి మా సెట్‌లిస్ట్ తీసి చూశా, సగానికి పైగా పాటలు దాంతోనే సర్దుకుపోతున్నాయి. మిగిలినవాటిలో రెండు మూడు ఎలాగూ బాగా రావట్లేదు, తీసేస్తాం. అంటే శ్రుతి పెడల్ అవసరం తగ్గిపోయింది, ఇప్పుడు ఓసీ-5 వైపు వెళ్తున్నా, బాబాయ్ చెప్పిన రేంజ్ నాబ్ కోసం, రిసెప్షన్లలో మిక్సర్‌కి ఇచ్చుకుంటా. డిస్టార్షన్‌కి ముందు పెట్టాలా వెనకా?

బేస్_బాబాయ్:

ముందు. ట్యూనర్, తర్వాత కంప్రెసర్ (సౌండ్ హెచ్చుతగ్గులు సర్దేది) ఉంటే అది, తర్వాత ఆక్టేవ్, దాని వెనకే డ్రైవ్‌లు, అదే నీ డిస్టార్షన్ లాంటివి. డ్రైవ్ తర్వాత పెడితే ఆ గందరగోళంలో నోటు ఏదో దానికి దొరకదు. నెక్ పికప్ పెట్టు, టోన్ కొంచెం తగ్గించు, ఇంకా నీటుగా పట్టుకుంటాది. గిటార్, బేస్ అని చిన్న స్విచ్ ఉంటాది దాని మీద, గిటార్ వైపు ఉందో లేదో చూసుకో. ఆదివారాలైతే నేను ఖాళీయే, మెసేజ్ పెట్టు.