మే నెల కబడ్డీ సెలక్షన్ క్యాంపు: మట్టి కోర్టు పిల్లోణ్ణి మ్యాట్‌కి ఎట్టా సిద్ధం చెయ్యాలి?

పొదిలి_నాన్న

అందరికీ నమస్కారం. మావోడు తొమ్మిదో తరగతి పరీక్షలు రాశాడు, జూన్‌లో పదిలోకి వస్తాడు. హైస్కూల్ టీమ్‌లో లెఫ్ట్ కార్నర్, అంటే డిఫెన్సులో ఎడమ చివర నిలబడేవాడు. ఇప్పటిదాకా ఆడిందంతా మట్టిలోనే, చెప్పుల్లేకుండానే. మే మూడో వారంలో నెల్లూరులో మూడు రోజుల క్యాంపు ఉంది, మ్యాట్ మీద. మొదటి రోజు బ్యాటరీ టెస్టు, ఆఖరి రోజు మ్యాచ్‌లు ఆడించి ఎంపిక చేస్తారంట. ఇంకా 16 రోజులుంది.

నోటీసులో రాసిన బరువుకన్నా మావోడు రెండు కిలోలు ఎక్కువున్నాడు. మెడికల్ షాపులో నీళ్లు పోయే మాత్ర దొరుకుద్ది, ముందురోజు వేస్తే సరిపోద్దని ఊళ్లో ఒకరు చెప్పారు. నాకు భయంగా ఉంది. ఆ టెస్టుల్లో ఏం చూస్తారు, కార్నర్ దగ్గర ఏం చూస్తారు, షూ కొనాలా, ఈ బరువు సంగతేంటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఒంగోలు_పీఈటీ

అన్నా, ముందు బ్యాటరీ టెస్టు గురించి చెప్తాను. ఆటొచ్చిన పిలకాయలు కూడా ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. మామూలుగా పెట్టేవి ఇవి: ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, స్టాండింగ్ బ్రాడ్ జంప్, వర్టికల్ జంప్, 6×10 షటిల్ రన్, మెడిసిన్ బాల్ (బరువు బంతి) విసరడం, 800 మీటర్ల పరుగు. ఒకటో రెండో తగ్గించినా మిగతావి ఇవే ఉంటాయి.

ఫ్లయింగ్ స్టార్ట్ అంటే గీత దగ్గర నిలబడి పరుగు మొదలెట్టడం కాదు. వెనక నుంచి పరిగెత్తుకుంటూ రావాలి, మొదటి గీత దాటినప్పుడు వాచ్ నొక్కుతారు. పిలకాయలు చేసే తప్పు ఆఖరి గీత కనపడగానే కాళ్లు బిగపట్టడం. గీత అవతల ఇంకో 5 మీటర్ల దూరాన ఒక చెప్పు పెట్టి, అక్కడిదాకా పరిగెత్తమని చెప్పండి.

బ్రాడ్ జంప్‌లో కొలిచేది గీతకు దగ్గరగా పడిన గుర్తు నుంచి. ఎంత దూరం దూకినా దిగాక వెనక్కి పడి చెయ్యి ఆనిందంటే ఆ చెయ్యి దగ్గర్నుంచే కొలుస్తారు. అందుకని దిగడం నేర్పండి: మడమలు ముందు, మోకాళ్లు వంచి, చేతులు ముందుకు విసిరి, బరువు ముందుకే పోవాలి. వర్టికల్ జంప్‌లో అడుగు వేసి ఎగరకూడదు, నిలబడ్డ చోటునుంచే.

షటిల్‌లో 10 మీటర్ల దూరం ఆరు సార్లు, అంటే తిరుగుళ్లు అయిదు. టైమంతా ఆ తిరుగుళ్లలోనే పోద్ది. గీత దగ్గరకొచ్చి నిటారుగా లేచి తిరిగితే ప్రతిసారీ ఒక అడుగు వృథా. చివరి రెండు అడుగులు చిన్నవి చేసి, నడుం దించి, ఒక పక్కకి తిరిగి తోసుకోవాలి. ఎడమకీ కుడికీ రెండు వైపులా అలవాటు చెయ్యండి.

800లో మొదటి 200 మీటర్లు జనం అరుపులకి పారిపోయి, మూడో 200లో నడుస్తారు. 2 నిమిషాల 40 సెకన్లు లక్ష్యం అనుకుంటే ప్రతి 200కీ 40 సెకన్లు. మీ ఊళ్లో ట్రాక్ లేకపోతే తాపీ మేస్త్రీ దగ్గర 30 మీటర్ల టేపు అడిగి, చెరువు కట్ట మీద 200 కొలిచి రెండు రాళ్లు పెట్టుకోండి. వారానికి రెండు రోజులు 200 మీటర్లు నాలుగు సార్లు, మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి. ఆఖరి నాలుగు రోజులు ఇవన్నీ ఆపెయ్యాలి. కొత్తగా గుంజీలు, బరువులు ఇప్పుడు అసలొద్దు. తొడలు పట్టేస్తే పదిరోజుల శ్రమ గంగపాలు.

దర్శి_రైడర్

రెండు కిలోలే కదా అన్నా, రెండ్రోజులు నీళ్లు తగ్గిస్తే పోద్ది. అందరూ చేసేదే. మాత్ర మాత్రం వద్దు.

కార్నర్_నం_2

బరువు సంగతి తెలిసినోళ్లు చెప్తారు, నేను కార్నర్ వరకే చెప్తాను.

ముందు షూ. మ్యాట్ మీద షూ తప్పనిసరి. ఫ్లాట్‌గా, పల్చగా, రబ్బరు అడుగుండే కబడ్డీ షూ తీసుకోండి. మడమ లావుగా ఉండే రన్నింగ్ షూ వేసి దించితే చీలమండ మెలిక పడుద్ది. ఇవాళే కొనండి, క్యాంపుకి ముందురోజు కొత్త షూ వేస్తే మొదటి పూటకే బొబ్బలు. సాక్సు నాలుగు జతలు పెట్టండి, చెమటకి తడిసినవి మార్చుకోవడానికి.

మట్టికీ మ్యాట్‌కీ తేడా కాలి కిందే ఉంది. మట్టిలో తిరిగినప్పుడు పాదం జారుద్ది, ఆ జారుడే మోకాలిని కాపాడుద్ది. మ్యాట్ మీద షూ పట్టేసుకుంటది. పాదం అక్కడే ఉండి ఒళ్లు తిరిగితే భారం అంతా మోకాలి లిగమెంట్ మీద పడుద్ది. అందుకని తిరిగేటప్పుడు మడమ పైకి లేపి ముందరి పాదం మీద తిరగడం అలవాటు చెయ్యాలి. సిమెంటు గచ్చు మీద షూ వేసుకుని రోజూ పది నిమిషాలు ఇదొక్కటే చేయించండి, పట్టు లేకుండా, నెమ్మదిగా.

రెండోది లాబీ. మన ఊరి కోర్టుల్లో చాలాచోట్ల లాబీ గీత గీయరు. అసలు కోర్టులో రెండు పక్కలా ఒక్కో మీటరు లాబీ. రైడర్ ఎవర్నో ఒకర్ని తాకేదాకా అది ఆటలో లేనట్టే. ముందే కాలు పెడితే కార్నర్ తనంతట తానే ఔట్, వాళ్లకి పాయింటు. ఎండ్ లైన్ కూడా అంతే, పట్టు మొదలవకముందు మడమ బయట ఆనితే ఔట్. మట్టిలో ముగ్గు గీత చెరిగిపోయి ఎవరూ అడగరు. మ్యాట్ మీద లైన్ అంపైర్ అక్కడే నిలబడి ఉంటాడు. పురుషుల కోర్టు 13×10 మీటర్లు, మహిళలది 12×8. క్యాంపులో ఏ కొలత వేస్తారో సార్‌ని అడిగి, ఇంటి దగ్గర అదే కొలతకి లాబీతో సహా గీయండి.

ఇక పట్టు. సెలెక్టర్లు లెఫ్ట్ కార్నర్‌లో మొట్టమొదట చూసేది యాంకిల్ హోల్డ్ (రైడర్ చీలమండ పట్టడం) ఎప్పుడు వేస్తున్నాడన్నది. ఎంత గట్టిగా అన్నది తర్వాత. రైడర్ కాలు గాల్లో ఉన్నప్పుడు దూకితే అది దొరకదు. ఆ కాలు కింద ఆని, ఒంటి బరువు దాని మీదకొచ్చిన క్షణమే పట్టాలి. దీనికి అన్నిటికన్నా మంచి అవకాశం బోనస్, అంటే బోనస్ లైన్ దాటి రైడర్ తీసుకునే అదనపు పాయింటు. ఆరుగురు లేదా ఏడుగురు డిఫెండర్లున్నప్పుడే బోనస్ ఉంటది. అది రావాలంటే ఒక కాలు బోనస్ లైన్ అవతల ఆనినప్పుడు రెండోది గాల్లో ఉండాలి. అంటే ఆ క్షణాన రైడర్ మొత్తం బరువు మీవోడి ముందున్న ఒక్క కాలి మీదే ఉంటది, వెనక్కి లాక్కోవడానికి ఆధారం లేదు. ఇది ఒక్కటి పిల్లోడి బుర్రకెక్కితే చాలు.

పట్టే విధానం: కూర్చున్నట్టు నడుం దించి, చూపు రైడర్ నడుం మీద (చేతుల మీద కాదు, అవి మోసం చేస్తాయి). ఒక చెయ్యి మడమ వెనకనుంచి, ఇంకోటి పాదం పైనుంచి, రెండూ కలిపి తన రొమ్ముకి లాక్కుని పైకి లేపాలి. తల కాలికి బయటి పక్కన ఉండాలి. తల లోపలుంటే రైడర్ మోకాలు నేరుగా దవడకి తగులుద్ది. తల వంచి కళ్లు మూసుకుని దూకే అలవాటుంటే ముందు అది మాన్పించండి, మెడ పోద్ది.

ఉత్త వేళ్లతో పట్టడం ఇంకో జబ్బు. వేళ్లు వెనక్కి విరుగుతాయి. చూపుడు, మధ్య వేళ్లు కలిపి ఒక అంగుళం టేపుతో చుట్టుకోవచ్చు, కణుపు మీద కాకుండా కణుపుకి పైనా కిందా.

ఆఖరి రోజు మ్యాచ్‌లో కొత్త పిలకాయల్ని కలిపి టీములు వేస్తారు. మీవోడి పక్కన ఎవరుంటారో తెలియదు. దిగీ దిగగానే పక్కనున్న ఇన్ (కార్నర్ పక్కన నిలబడే డిఫెండర్) పేరడిగి, చెయ్యి పట్టుకుని, "నేను కాలు పడితే నువ్వు నడుం" అని మాట చెప్పుకోవాలి. మొదటి రైడ్‌లోనే ఎగబడి పాయింటు ఇచ్చేవాడికన్నా, రెండు రైడ్లు ఊరికే వదిలి మూడో రైడ్‌కి ఆగేవాడు కోచ్‌కి నచ్చుతాడు. రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై, రైడరే మీద పడాల్సి వస్తది. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పట్టు పడితే సూపర్ ట్యాకిల్, ఒక పాయింటు అదనం. ఆ లెక్క తెలిసి ఆడుతున్నాడా అన్నది బయటి నుంచి చూస్తే ఇట్టే తెలిసిపోద్ది.

కందుకూరు_సిస్టర్

దర్శి తమ్ముడూ, "అందరూ చేసేదే" అన్నది నిజమే గానీ రోహిణి కార్తె ముందు నెల్లూరు ఎండలో ఆ పని చెయ్యకూడదు. నీళ్లు మానేసి దిగిన పిల్లాడికి ముందు పిక్కలు పట్టేస్తాయి, తర్వాత తల తిరుగుద్ది, అప్పటికీ ఆడితే వడదెబ్బ. మొత్తం మీద చెప్పాలంటే బరువు కాటా దగ్గర గెలిచి కోర్టులో ఓడిపోతాడు.

అన్నా, ఆ మాత్ర వైపే పోవద్దు. నీళ్లతోపాటు పొటాషియం కూడా పోయి గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా మూత్రం ఎక్కువ చేసే మందులు ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ నిషేధిత జాబితాలో ఉన్నాయి, పోటీ రోజున్నా లేకపోయినా నిషేధమే.

16 రోజుల్లో తిండితో దాదాపు కిలో తగ్గొచ్చు. అన్నం మానొద్దు, ఎదిగే పిల్లాడు. కూల్‌డ్రింకులు, సాయంత్రం బజ్జీలు, మిక్చరు, స్వీట్లు పూర్తిగా ఆపండి. రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి, కూర, పప్పు, గుడ్డు పెంచండి, ఎనిమిదింటికల్లా తినేయాలి. ఉప్పు చేప, పచ్చడి, అప్పడం ఆఖరి వారం తగ్గిస్తే ఒంట్లో నీరు నిలవదు. ఇంకో సంగతి, మీరు చూసిన బరువు ఎప్పటిది? సాయంత్రం బట్టలతో చూసినదానికీ, తెల్లారి దొడ్డికెళ్లొచ్చి పరగడుపున నిక్కరుతో చూసినదానికీ కిలో దాకా తేడా రావొచ్చు. బియ్యం కొట్టు కాటా కాదు, పీహెచ్‌సీలో చూపించండి. రెండ్రోజులకోసారి అదే కాటా, అదే వేళ.

క్యాంపుకి అయిదు రోజుల ముందు ఇంకా కిలోకన్నా ఎక్కువుంటే ఈసారి ఆ బరువు వదిలెయ్యండి. పైనున్న జూనియర్ విభాగంలో అబ్బాయిలకి బరువు హద్దు ఇంకా ఎక్కువ ఉంటది, వయసు 20 లోపు. అక్కడ పెద్దోళ్లతో పోటీ కష్టమే, కానీ పస్తులుండి దిగడంకన్నా మేలు.

ఎండ గురించి: ప్రాక్టీసు పొద్దున ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం అయిదు తర్వాత. ప్రతి 15-20 నిమిషాలకీ ఒక గ్లాసు నీళ్లు, దాహం వేసినా వేయకపోయినా. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసు నీళ్లలో మొత్తం పోసి తాగిస్తుంటారు, దాంతో వాంతులు, విరేచనాలు. షాపుల్లో అట్టపెట్టెల్లో వచ్చే తీపి పండ్ల డ్రింకులు ఓఆర్‌ఎస్ కాదు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ బాగా పనికొస్తది.

పిల్లాడు తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలిపోతున్నా ఆట ఆపి నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. వెంటనే 108.

పొదిలి_నాన్న

అందరికీ చానా థాంక్సండి. బరువు చూసింది రాత్రి, అన్నం తిన్నాక, ప్యాంటు మీద. రేపు తెల్లారి పీహెచ్‌సీకి తీసుకెళ్తాను. కాయితాలు ఏమేం కావాలో, బరువు చూశాక ఏం పెట్టాలో కూడా చెప్పండి.

ఒంగోలు_పీఈటీ

పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్, హెడ్‌మాస్టర్ సంతకం, స్కూలు సీలు ఉన్న స్టడీ సర్టిఫికెట్, పాస్‌పోర్టు సైజు ఫొటోలు అయిదారు. అన్నీ ఒరిజినల్స్, రెండేసి జిరాక్సులు. పేరూ పుట్టినతేదీ మూడింట్లోనూ అక్షరం తేడా లేకుండా ఉందో ఇవాళే చూసుకోండి. ఆధార్‌లో ఒకటి, స్కూలు రికార్డులో ఇంకోటి ఉంటే అక్కడ వాదించే టైముండదు. సెలవుల్లో హెడ్‌మాస్టర్ దొరకడం కష్టం, ముందు ఫోన్ చేసి పోండి. వయసు మీద అనుమానం వస్తే కొన్నిచోట్ల మణికట్టు ఎక్స్‌రే తీయిస్తారు, దానికి కంగారు పడొద్దు.

గోళ్లు మొదలంటా కత్తిరించాలి. మొలతాడు, కడియం, ఉంగరం ఇంట్లోనే. ఒంటికి నూనె రాసుకుని దిగకూడదు. టీషర్టు వెనక నంబరు పెద్దదిగా, ముందు కొంచెం చిన్నదిగా ఉండాలి.

బరువు అయ్యాక ఒక్కసారే కడుపు నింపొద్దు. ముందు అర లీటరు ఓఆర్‌ఎస్ నెమ్మదిగా, పది నిమిషాలాగి రెండు అరటిపళ్లు, తర్వాత రెండు మూడు ఇడ్లీలు పల్చటి చట్నీతో. పూరీ, దోసె, వడ వద్దు. మ్యాచ్‌కి రెండు గంటలకన్నా తక్కువుంటే ఇడ్లీ కూడా ఒకటితో ఆపి, మిగతావి డబ్బాలో పెట్టి ఆట అయ్యాక ఇవ్వండి.