యాపిల్‌సీడ్ కాస్ట్: ఎమో నుంచి పోస్ట్-రాక్ వైపు మళ్లింది ఎక్కడ?

ప్రశ్న (వినికిడి):
అమెరికాలోని కాన్సస్ రాష్ట్రానికి చెందిన యాపిల్‌సీడ్ కాస్ట్ బృందం ఆల్బమ్‌లను ఈమధ్యే వినడం మొదలుపెట్టాను. 1998లో వచ్చిన ‘ది ఎండ్ ఆఫ్ ది రింగ్ వార్స్’ పూర్తిగా ఆ కాలపు ఎమో (పంక్ రాక్ నుంచి పుట్టిన, భావావేశం నిండిన పాటల శైలి) ధోరణిలోనే ఉంది. మెల్లగా మొదలై ఒక్కసారిగా విరుచుకుపడే గిటార్లూ, గొంతు పగిలేలా పాడే గాయకుడూ అందులో స్పష్టంగా కనిపిస్తారు. మూడేళ్లు తిరిగేసరికి, 2001లో రెండు భాగాలుగా వచ్చిన ‘లో లెవెల్ ఔల్’లో మాటలు పలచబడి, ఒక పాట ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో తెలియని స్థితి వచ్చింది. ఈ మార్పు ఎలా జరిగింది? దీన్ని పోస్ట్-రాక్ (రాక్ వాద్యాలతోనే పాట కన్నా నాదానికి ప్రాధాన్యమిచ్చే శైలి) అనవచ్చా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (తాళగతి):
ఆ రెండింటి మధ్య 2000లో వచ్చిన ‘మారే విటాలిస్’ను మీరు వినలేదనుకుంటాను. మలుపు అక్కడే ఉంది, దానికి ప్రధాన కారణం డ్రమ్స్ అని నా అభిప్రాయం. ఎమో పాటల్లో సాధారణంగా డ్రమ్స్ గొంతును అనుసరిస్తాయి: చరణంలో అణిగి ఉండి, పల్లవి రాగానే సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు ఉండే లోహపు పళ్లేలు) మోగిస్తాయి. ఆ ఆల్బమ్ నుంచి డ్రమ్స్ వాయించిన జాష్ బరూత్ ఈ పద్ధతిని తిరగేశాడు. అతను తాళం పట్టి ఊరుకోడు. స్నేర్, టామ్స్ అనే డ్రమ్ముల మీద ఎడతెగని వరసలు అల్లుకుంటూ పోతాడు. పాటను నడిపించే భారం డ్రమ్స్ మోసేసరికి గిటార్లకు కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) బాదే పని తప్పింది. గిటారిస్టులు క్రిస్ క్రిస్సీ, ఆరన్ పిల్లర్ ఇద్దరూ నాలుగైదు స్వరాల చిన్న ముక్కను పట్టుకుని, డిలే పెడల్‌తో (వాయించినదాన్ని కాస్త ఆగి ప్రతిధ్వనిలా వినిపించే పరికరం) దాన్ని మళ్లీ మళ్లీ మోగిస్తూ, ఒకరి స్వరాల సందుల్లో మరొకరు వాయించే వెసులుబాటు అలా దొరికిందే.

‘లో లెవెల్ ఔల్’ మొదటి భాగంలో ఆరంభ వాద్యఖండం ‘ఆన్ రిఫ్లెక్షన్’లోకి జారుకునే చోటును హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గొంతు ఆ వాద్యాల మీద ఎక్కి కూర్చోదు, వాటిలో ఒకటిగా కలిసిపోతుంది. నిర్మాత ఎడ్ రోజ్‌తో కలిసి బృందం స్టూడియోనే ఒక వాద్యంగా వాడుకున్న తీరు అక్కడ తెలుస్తుంది.

జవాబు (మధ్యమం):
తాళగతి గారు డ్రమ్స్ గురించి చెప్పినదానితో ఏకీభవిస్తాను కానీ, దీన్ని పోస్ట్-రాక్ అనడానికి నాకు మనసు ఒప్పదు. 1994లో విమర్శకుడు సైమన్ రేనాల్డ్స్ ఆ పదాన్ని ప్రచారంలోకి తెచ్చినప్పుడు, రాక్ వాద్యాలతోనే రాక్ కాని పనులు చేయడం, గిటార్‌ను రిఫ్‌ల (పదేపదే వచ్చే చిన్న స్వర వరసల) కోసం కాక నాదపు పొరల కోసం వాడడం అనే అర్థంలో వాడాడు. ఆ కొలత ప్రకారం ‘లో లెవెల్ ఔల్’లో సగం అందులోకి వస్తుంది, నిజమే. అయితే తక్కిన సగంలో పాట పాటగానే ఉంది, పోగొట్టుకున్న మనిషి గురించి పాడుతున్నట్టుండే ఆ గొంతూ అలాగే ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్ అనే బృందం 1999 నాటి తొలి ఆల్బమ్‌లోనూ ట్రంపెట్ ఉంది, మాటల్లేని సుదీర్ఘ భాగాలున్నాయి. దాన్ని మాత్రం అందరూ నిస్సంకోచంగా ఎమో అనే అంటారు.

పైగా ఈ బృందం ప్రయాణం ఒకే దిశలో సాగలేదు. 2003 నాటి ‘టూ కాన్వర్సేషన్స్’లో మళ్లీ చిన్న పాటలకూ, స్పష్టమైన పల్లవులకూ తిరిగి వచ్చారు. 2009లో ‘సగర్‌మాథా’తో తిరిగి వాద్యాల వైపు మొగ్గారు, దాని మొదటి పాటలో గొంతు వినిపించాలంటే చాలాసేపు ఆగాలి. ఎమోను విడిచి పోస్ట్-రాక్‌లో చేరారని చెప్పే కథనాలు ‘టూ కాన్వర్సేషన్స్’ దగ్గరికి వచ్చేసరికి తడబడతాయి.

జవాబు (తాళగతి):
ఆ అభ్యంతరం న్యాయమైనదే. కాకపోతే 2006 నాటి ‘పెరెగ్రిన్’ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. దాని నిర్మాత జాన్ కాంగిల్టన్, ఎక్స్‌ప్లోజన్స్ ఇన్ ద స్కై అనే పోస్ట్-రాక్ బృందంతో కూడా పనిచేసిన వ్యక్తి. పల్లవి ఉన్న పాటలో కూడా వాద్యాలకు ఎంత చోటివ్వవచ్చో ఆ ఆల్బమ్‌లో వినవచ్చు. నా దృష్టిలో ఆ రెండు ధోరణులూ అతుకు కనిపించకుండా కలిసింది ‘లో లెవెల్ ఔల్’ కన్నా అక్కడే.

జవాబు (వినికిడి):
ఇద్దరికీ ధన్యవాదాలు. ‘మారే విటాలిస్’ విన్న తర్వాత ‘లో లెవెల్ ఔల్’ రెండు భాగాలనూ వరుసగా వినడం మంచిదా, లేక మధ్యలో ‘పెరెగ్రిన్’ వినాలా?

జవాబు (మధ్యమం):
విడుదలైన వరుసలోనే వినండి. రెండు భాగాలనూ ఒకే బిగిన వినాలన్న నియమం పెట్టుకోకండి; రెండో భాగం కొంత సాగదీసినట్టే ఉంటుంది, అలసిన చెవులకు అన్యాయంగా తోస్తుంది. ప్లేయర్‌లో పాటల మధ్య విరామం పెట్టే అమరిక ఉంటే మాత్రం ముందే తీసేయండి, లేకపోతే ఆ పాటలు ఒకదానిలోకి ఒకటి ఒరిగే తీరు మీకు అందదు.