తెలిసిన పాటల రికార్డులే కొంటున్నాను. తెలియని సంగీతాన్ని ఎలా వెతుక్కోవాలి?

ఆదివారంసంత (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉండేది హైదరాబాదులో. కిందటేడు బోనసు డబ్బులతో ఒక టర్న్‌టేబుల్ కొనుక్కున్నాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ, వీలు చిక్కినప్పుడు జుమ్మేరాత్ బజారులోనూ పాత రికార్డులు ఏరుకుంటున్నాను. అలమరలో ఒక అర నిండింది. మొన్న వరసగా తీసి చూసుకుంటే దాదాపు అన్నీ నాకు ముందే నోటికి వచ్చిన సినిమా పాటలే. ఘంటసాల, సుశీల, బాలు. వాళ్లంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ ఇంత ఖర్చుపెట్టి, ఇంత తిరిగి, నాకు కొత్తగా తెలిసిన పాట ఒక్కటీ లేదు కదా అని దిగులు పట్టుకుంది. ఫోనులో వింటే అది అదే కాలం, అదే గొంతు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. అందుకే రికార్డుల వైపు వచ్చాను, ఇక్కడా అదే చేస్తున్నాను.

గుట్ట ముందు కూర్చున్నప్పుడు తెలియని పేరున్న రికార్డు చేతికి వస్తే కొనాలో వద్దో తేలక పక్కన పెట్టేస్తాను. మీరు ఎలా తేల్చుకుంటారు? ఒక రికార్డు నుంచి ఇంకొకదానికి దారి ఎలా దొరుకుతుంది?

ఇంకొక సంగతి. పోయిన వారం అమ్మే ఆయన కొసరుగా మూడు 78 రికార్డులు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపువి, ఇచ్చారు. ఒకటి ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్. దాని అంచున గోటితో తడిమితే సన్నటి పగులు తగులుతోంది. మిగతా రెండూ నాటక పద్యాలు. నా మెషీన్‌లో 33, 45 వేగాలే ఉన్నాయి. వీటిని వినే మార్గం ఉందా?

మైకుసెట్టు_తెనాలి

అమ్మా, మాది తెనాలి. మా నాన్నగారికి మైకు సెట్టు ఉండేది. 1970లలో ఆంప్లిఫయరు, బాకాలు, రికార్డుల పెట్టె వేసుకుని ఆయన వెంట పెళ్లిళ్లకూ శ్రీరామనవమి పందిళ్లకూ తిరిగినవాణ్ణి. రికార్డులు ఎంచడం నేను నేర్చింది ఆ పందిళ్లలోనే కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

78 రికార్డు ఒక వైపు పాడేది మూడు నిమిషాల పైచిలుకు. అంటే రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని తిప్పుతూ ఉండాలి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వెంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్పీగా, అంటే నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువసేపు పాడే పెద్ద రికార్డుగా, వచ్చింది. అది మైకు సెట్టు వాళ్ల పాలిట వరం. ముల్లు ఒకసారి పెడితే సుమారు ఇరవై నిమిషాలు దాని జోలికి వెళ్లనక్కర్లేదు, ఈలోగా కాఫీ తాగి రావచ్చు.

సాయంత్రం నుంచి జనం అడిగే పాటలే వేయాలి. ఎవరు అడిగినా రికార్డులో పేరు పడ్డ పాటే అడుగుతారు. అర్ధరాత్రి దాటి పందిరి పలచబడ్డాక అడిగేవాళ్లు ఉండరు. అప్పుడు మా నాన్నగారు ప్రతి రికార్డునూ తిరగేసి వేసేవారు. పొద్దుటి నుంచి ఎవరూ వినని వైపులన్నీ ఆ వేళ మోగేవి. నేను జీవితంలో ఇష్టపడ్డ పాటల్లో సగం అప్పుడు విన్నవే. కాబట్టి మొదట మీ అలమరలో ఉన్న ఈపీలన్నీ, అంటే కొద్ది పాటలుండే చిన్న రికార్డులన్నీ తీసి, మీకు నోటికి రాని వైపు వేసి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక కొనే సంగతి. లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు అందరూ చదువుతారు. మీరు దాని కింద చిన్న అక్షరాలు చదవండి. రాసింది ఎవరు, సంగీతం ఎవరు, కచేరీ రికార్డయితే వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు. వాటిలో ఒక పేరు తెలిసి ఇంకొకటి తెలియకపోతే ఆ రికార్డు కొనండి. అన్నీ తెలిసినవే అయితే దాన్ని ఇంకొకరికి వదిలేయండి. పరాయి ఊళ్లో ఒక్క చుట్టం ఇల్లు తెలిస్తే చాలు, ఆయనే మిగతా ఊరిని పరిచయం చేస్తాడు. రికార్డుల్లోనూ అంతే.

నా సంగతే చెబుతాను. పెళ్లిళ్లలో సన్నాయి వాళ్లు భోజనాలకు లేచినప్పుడు పందిరి బోసిపోకుండా ఉండాలని చిట్టిబాబు గారి వీణ ఎల్పీ తెప్పించుకున్నాం. ఆయన కాకినాడలో పుట్టినవారు. వినేకొద్దీ ఈయనకు ఇది నేర్పింది ఎవరని కుతూహలం పుట్టింది. గురువుగారు ద్రాక్షారామం వారైన ఈమని శంకరశాస్త్రి అని తెలిసింది. వెతగ్గా వెతగ్గా ఈమని వారి రికార్డు విజయవాడలో దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, తల్లీ. ఈమని వారు తీగను ఒక్కసారి మీటి, ఎడమ చేత్తో దాన్ని మెట్టు మీద పక్కకు లాగుతూ ఆ ఒక్క మీటులోనే నాలుగైదు స్వరాలు పలికిస్తారు. రెండో మీటు కోసం మన చెవి ఎదురుచూస్తుంది, అది రాదు. నాదం మాత్రం గొంతులో నుంచి వస్తున్నట్టే సాగుతూ ఉంటుంది. అది పట్టుకున్నాక చిట్టిబాబు గారి వాద్యంలో గురువు ఎక్కడున్నారో, తనది ఎక్కడ మొదలవుతుందో విడివిడిగా వినిపించింది. ఆ తరువాత నాకు వీణ రికార్డు అంటే పందిరి నింపే సరుకు కాకుండా పోయింది.

మీ దగ్గరున్న ద్వారం వారి రికార్డును జాగ్రత్తగా చూసుకోండి. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో పాఠం చెప్పి, ప్రిన్సిపాల్‌గా చేసినవారు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌తో తామే కచేరీ చేసి జనాన్ని కూర్చోబెట్టారు. 78లో వ్యవధి తక్కువ కాబట్టి రాగం ముఖం నాలుగు పట్టులలో చూపించి తీరాలి. పెద్ద విద్వాంసుడి చేతిలో ఆ ఇరుకు ఎంత అందంగా ఉంటుందో మీకే తెలుస్తుంది.

పద్యాల రికార్డుల మీద పేర్లు ఏమున్నాయి? బందా కనకలింగేశ్వరరావు, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, రఘురామయ్య, ఎవరైనా సరే. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యం ఇద్దరు నటులు పాడింది సంపాదించి ఒకదాని తరువాత ఒకటి వేయండి. పద్యం అదే. ఒకరు మాటను విరిచి అర్థం ముందు పెడతారు, ఇంకొకరు రాగాన్ని ముందు పెట్టి చివరి పాదంలో మాటను వదులుతారు. సినిమా పాట మీద పెరిగిన చెవికి ఇది పూర్తిగా వేరే లోకం.

అది మరీ దూరం అనిపిస్తే మధ్యలో ఒక మెట్టు ఉంది. సినిమాకు సంబంధం లేని ప్రైవేటు పాటలు. 1940లలో సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి కలిసి పాడినవి ఉన్నాయి. మీకు రాజేశ్వరరావు గారు సంగీత దర్శకులుగా తెలుసు కదా, గాయకులుగా వినండి.

ముల్లు_బరువు

78ల గురించి నేను చెబుతాను. అవి వినైల్ కావు, లక్క కలిపి చేసినవి. ముల్లు నడిచే గాడి వాటిలో వెడల్పుగా ఉంటుంది. ఎల్పీ ముల్లు మొన అంగుళంలో వెయ్యోవంతుకు 0.7 రెట్లు ఉంటే, 78కి కావలసింది దాదాపు 3 రెట్లు. ఎల్పీ ముల్లుతో వేస్తే అది గాడి అడుగున పడి దుమ్మును గీకుతుంది. చప్పుడు తప్ప సంగీతం సరిగా రాదు, ముల్లూ పాడవుతుంది. చాలా కార్ట్రిడ్జ్‌లకు, అంటే ముల్లు తగిలించే భాగాలకు, 78 ముల్లు విడిగా దొరుకుతుంది, లాగి మార్చుకోవడమే.

వేగం గురించి బెంగ వద్దు. సరైన ముల్లు పెట్టి 45 వేగంలోనే తిప్పండి, కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి, తరువాత సాఫ్ట్‌వేర్‌లో వేగం 1.733 రెట్లు పెంచండి. 78ని 45తో భాగిస్తే వచ్చేది అదే. కాస్త మంద్ర స్వరాలు, తార స్వరాలు సరిచేసుకోవాల్సి ఉంటుంది కానీ గొంతు, వాద్యం స్పష్టంగా వస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పగులు దగ్గర ముల్లు ఎగిరిపడే ప్రమాదం తక్కువ. వెంట్రుక వాసి పగులైతే వేయవచ్చు. అంచు విరిగి పెచ్చు ఊడి ఉంటే మాత్రం ఆ భాగం దాటాక ముల్లు దించండి.

స్పిరిట్, ఆల్కహాల్ ఉన్న ద్రవంతో 78ని తుడవకండి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, గాళ్లు మాసిపోతాయి. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి గుడ్డ చాలు. లేబుల్ తడవకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టి దాచండి.

సంతలో పాత కీ గ్రామఫోను కనిపించి ముచ్చటపడి కొన్నా, దాని మీద ఎల్పీ ఎప్పుడూ పెట్టవద్దు. ఆ ఉక్కు ముల్లు, ఆ బరువు వినైల్‌ను ఒక్కసారికే కోసేస్తాయి.

పాలకొల్లు_టు_జెర్సీ

తెనాలి పెద్దాయన చెప్పిన చిన్న అక్షరాల మాటకు నా సాక్ష్యం. నాది పాలకొల్లు. మాండొలిన్ శ్రీనివాస్ గారిది మా ఊరే కాబట్టి ఆయన పేరున్న ప్రతిదీ కొనేవాణ్ణి. ఆయన రిమెంబర్ శక్తి అనే సంగీత బృందంలో వాయించారని తెలిసి, ఆ రిమెంబర్ చేసుకునే పాత శక్తి ఏమిటని వెతికాను. ఇక్కడ న్యూజెర్సీలో పాత రికార్డుల కొట్లో 1976 నాటి మొదటి ఎల్పీ దొరికింది. 1975 జులైలో లాంగ్ ఐలాండ్‌లోని ఒక కాలేజీలో జరిగిన కచేరీ అది. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుసేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం. మృదంగం దగ్గర నాకు తెలియని పేరు, రామ్నాడ్ రాఘవన్.

ఆయన కనెటికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో మృదంగం నేర్పారట. ఆ విశ్వవిద్యాలయం చుట్టూ తిరిగితే రామ్నాడ్ కృష్ణన్ గారి గానం దొరికింది, నాన్‌సచ్ అనే అమెరికన్ కంపెనీ 1960ల చివర్లో వేసిన ఎల్పీ. ఇక్కడివాళ్ల కోసం వేసిన రికార్డు కాబట్టి అట్టలో కర్ణాటక సంగీతం గురించి అ ఆల నుంచి వివరించారు. త్యాగరాజ కీర్తన మా నాన్న రేడియోలో పెడితే లేచి వెళ్లిపోయే నేను, అట్లాంటిక్ ఇవతల కూర్చుని ఆ కీర్తన మొదటి నుంచి చివరిదాకా విన్నాను. రామ్నాడ్ కృష్ణన్ గారి గొంతు పెద్దది కాదు. దగ్గర కూర్చుని మనకొక్కరికే పాడినట్టు ఉంటుంది. ఈ మధ్య నాన్నకు ఫోను చేసి ఏ కీర్తన ఎవరు బాగా పాడారో అడుగుతున్నాను. ఆయన ఒక పేరు చెబితే ఇంకో నాలుగు గుర్తుచేసుకుంటున్నారు.

ఆదివారంసంత

అందరికీ కృతజ్ఞతలు. 78 ముల్లు తెప్పించాను, ద్వారం వారిని 45 వేగంలో ఎక్కించి కంప్యూటర్‌లో సరిచేసి విన్నాను. పగులు దగ్గర టక్ టక్ మంటోంది, కానీ వయొలిన్ దాని మీదుగా నడిచి వెళ్లిపోతోంది. కమాను తిప్పిన చోటు ఎక్కడో నాకు వినిపించనే లేదు, ఒకే ఊపిరి. తరువాత రెండో వైపు వేశాను. అక్కడ మృదంగం ఇంకా దగ్గరగా ఉంది. పద్యాల్లో ఒకటి పీసపాటి వారిది. రెండోదాని లేబుల్ సగం చిరిగిపోయింది.

మైకుసెట్టు గారూ, మీ మాట పట్టుకుని ఈ ఆదివారం ఈమని శంకరశాస్త్రి గారి పేరు చూసి ఒక ఎల్పీ తీశాను. లేబుల్ మీద నంబరు ముందు ఈసీఎల్పీ అని ఉంది. ఇంకొన్నిటి మీద ఈసీఎస్డీ అని చూశాను. తేడా ఏమిటి? నాది తక్కువ రకమా?

మైకుసెట్టు_తెనాలి

తక్కువ రకం కాదమ్మా. హెచ్ఎంవీ రికార్డు కంపెనీ వాళ్లు ఈసీఎల్పీ అని వేస్తే మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం. ఈసీఎస్డీ అంటే స్టీరియో, రెండిటిలో వేర్వేరు శబ్దాలు. వీణకు మోనో ఏ లోటూ చేయదు, మా బాకాలన్నీ మోనోయే. రెండు స్పీకర్లున్నా ఫరవాలేదు, నాదం మధ్యలో నిలబడుతుంది. చిరిగిన లేబుల్ రికార్డును పారేయవద్దు. లేబుల్‌కీ చివరి గాడికీ మధ్య నున్నటి చోట నల్లగా మెరిసే భాగంలో ఒక నంబరు చెక్కి ఉంటుంది, టార్చి వాలుగా పట్టి చూడండి. అది ఇక్కడ రాస్తే ఎవరిదో పట్టుకునేవాళ్లు ఈ గుంపులో ఉన్నారు. ఈమని వారి అట్ట మీద మృదంగం ఎవరని ఉందో కూడా రాయండి, నా దగ్గర ఆ మృదంగం ఆయన పక్కవాద్యం ఉన్నవి ఇంకా ఉంటే పేర్లు పంపుతాను.