ఫ్లై క్లాస్ గన్‌బోట్: ప్రొపెల్లర్ తిరుగుతోంది, పడవ కదలట్లేదు!

తొట్టి కెప్టెన్: పొద్దున్నుంచీ దీంతోనే కుస్తీ, బుర్ర వేడెక్కిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌లో టైగ్రిస్ నది మీద తిరిగిన 'ఫైర్‌ఫ్లై' మోడల్ చేస్తున్నా. ఫ్లై క్లాస్ అనే బ్రిటిష్ గన్‌బోట్లలో (ఫిరంగి ఉన్న చిన్న యుద్ధ పడవలు) ఇదొకటి. కిట్ కాదు, స్టైరీన్ (ప్లాస్టిక్) షీట్లు కోసి సొంతంగా. పడవ అడుగున ప్రొపెల్లర్ కూర్చునే టన్నెల్ (బోర్లించిన దోనెలాంటి గాడి) కూడా ప్లాన్‌లో ఉన్నట్టే చేశాను. మేడ మీద తొట్టిలో వదిలితే వెనక నీళ్లు మజ్జిగ చిలికినట్టు నురగలు కక్కుతున్నాయి, పడవ మాత్రం ఉన్నచోటే ఉంది. మోటార్ మార్చా, బ్యాటరీ మార్చా, ప్రొపెల్లర్ కూడా మార్చా. ఎవరైనా దారి చెప్పండి ప్లీజ్.

పాత ఫిట్టర్: స్కేల్ ఎంత? బరువెంత?

కూత్ కథలు: ముందు ఏ సంవత్సరం ఫైర్‌ఫ్లై చేస్తున్నారో తేల్చుకోండి సార్. 1915 డిసెంబర్ 1న బాయిలర్‌కి గుండు తగిలి నది మధ్యలో ఆగిపోతే టర్కీ సైన్యం పట్టుకుంది. 1917 ఫిబ్రవరిలో మళ్లీ బ్రిటిష్ వాళ్ల చేతికొచ్చింది. జెండా తప్పు పెడితే మోడల్ అంతా వేస్ట్. అన్నట్టు, 1915 డిసెంబర్‌లోనే ఇరాక్‌లోని కూత్ ఊళ్లో చిక్కుకుని 1916 ఏప్రిల్ 29న లొంగిపోయిన బ్రిటిష్ జనరల్ టౌన్‌షెండ్ సైన్యంలో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. వాళ్ల గురించి ఒక్కరూ మోడల్ చెయ్యరు, అందరికీ పడవలే కావాలి.

నైలు నాయుడు: గన్‌బోట్ అంటే వెనక నీళ్లు తోసే పెద్ద చక్రం ఉండాలండీ. సూడాన్ యుద్ధంలో ఫతే, నాసిర్, జాఫిర్ అన్నీ అలాంటివే. చక్రం పెట్టుకుంటే ఈ టన్నెల్ గొడవే ఉండేది కాదు.

పాత ఫిట్టర్: అదే యుద్ధంలో మెలిక్, షేక్, సుల్తాన్‌లకు స్క్రూలే, అంటే ప్రొపెల్లర్లే. ఆయన చేసేది ఫైర్‌ఫ్లై. దానికి చక్రం ఎక్కడ పెడతాడు?

యాంగ్‌ట్సీ యాత్రికుడు: ఈ ఫ్లై పడవలు చైనా నదులవి కదా? పేరే 'స్మాల్ చైనా గన్‌బోట్'.

కూత్ కథలు: అది శత్రువు కళ్లుగప్పడానికి పెట్టిన పేరు. బ్రిటన్‌లోని యారో కంపెనీ భాగాలుగా చేసి పంపితే ఇరాన్‌లోని అబాదాన్‌లో బిగించారు. చైనా కోసం కట్టినవి కావు.

యాంగ్‌ట్సీ యాత్రికుడు: మరి కాగితాల మీద అలాగే ఉంటే మేమేం అనుకోవాలి?

తొట్టి కెప్టెన్: అయ్యా, నా పడవ సంగతి! స్కేల్ 1/48. బరువు తూచలేదు. డెక్, ఫిరంగి ఇంకా ఎక్కించలేదు, ఉత్త హల్లే (పడవ ఒళ్లు మాత్రమే).

పాత ఫిట్టర్: ఇది మొదటే చెప్పాలి కదా బాబూ. అసలు పడవ 98 టన్నులు, 126 అడుగుల పొడవు, నీళ్లలో మునిగేది 2 అడుగులే. 1/48లో పొడవు 80 సెం.మీ., మునక 12.7 మి.మీ. బరువుని మాత్రం 48×48×48తో భాగించాలి. సుమారు 900 గ్రాములొస్తుంది. నీ ఉత్త హల్ అందులో సగం కూడా ఉండదు.

అంత తక్కువ నీళ్లలో పెద్ద ప్రొపెల్లర్ పట్టదు కాబట్టే టన్నెల్ పెట్టారు. పడవ ఆగి ఉన్నప్పుడు ప్రొపెల్లర్ పైభాగం నీటిమట్టం కంటే పైన, గాలిలో ఉంటుంది. తిరగడం మొదలెట్టాక లోపలి గాలిని బయటికి తోసేస్తుంది, ఆ ఖాళీలోకి నీళ్లు ఎక్కుతాయి. అయితే టన్నెల్ వెనక అంచు నీళ్లలో మునిగి ఉండాలి. నీ పడవ తేలికై పైకి తేలడంతో ఆ అంచు బయటపడింది, అక్కడి నుంచి గాలి పీలుస్తోంది. ఆ నురగ అదే. గాలానికి కట్టే సీసం గుళ్లు అడుగున పరిచి, ముందు వెనక సమంగా మునిగేలా చూడు. అయినా పట్టకపోతే టన్నెల్ కప్పుకి సన్న గొట్టం పెట్టి నోటితో గాలి లాగెయ్యి. మోటార్ కూడా మరీ స్పీడు వద్దు, గేర్లున్నది వాడు.

నైలు నాయుడు: చక్రానికి ఇంత బాధ లేదు.

రేకుల రాజా: స్టైరీన్ బదులు పల్చటి ప్లైవుడ్ వాడి ఉంటే బరువు దానంతటదే వచ్చేది. ఈ కాలం వాళ్లకి చెక్క పని అంటేనే బద్ధకం.

కూత్ కథలు: జెండా సంగతి ఇంకా చెప్పలేదు.

తొట్టి కెప్టెన్: సీసం వేశా, కదిలింది. థాంక్స్ ఫిట్టర్ గారూ. రివర్స్ వేస్తే మళ్లీ గాలి పట్టేస్తోంది, దానికేమైనా ఉందా?

యాంగ్‌ట్సీ యాత్రికుడు: చైనా పేరు గురించి నేనన్నది మాత్రం తప్పు కాదు.